బాగే ఆమ్‌లో కొత్త మ్యూజియం కట్టాలనుకుంటే మొదట వెనక గుమ్మం గీయండి

హెరిటేజ్ తెలంగాణ, ఉద్యానశాఖ, జీహెచ్‌ఎంసీ, హెచ్‌ఎండీఏ ఉన్నతాధికారులకు

విషయం: బాగే ఆమ్ అనే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఎప్పుడైనా కొత్త మ్యూజియం భవనం గానీ విస్తరణ గానీ తలపెడితే ముందుగా రాసుకోవలసిన షరతులు.

అయ్యా / అమ్మా, నమస్కారం.

ఇది ఫలానా ప్రతిపాదనను ఆపమని రాస్తున్న ఉత్తరం కాదు. ఆ తోటలో కొత్త కట్టడమే వద్దనే వాళ్ళమూ కాదు. ఈజిప్టు మమ్మీ నుంచి బిద్రీ సామాను దాకా, బౌద్ధ శిల్పాల నుంచి నాణేల దాకా అక్కడున్న సంపదకు పాత భవనం ఇరుకవుతోందని స్టేట్ మ్యూజియం లోపలికి వెళ్ళినవారెవరైనా ఒప్పుకుంటారు. ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు కంప్యూటర్‌లో గీసిన రంగుల బొమ్మతో మీ ముందుకొస్తారు. గాజు గోడలు, సాయంకాలపు వెలుగు, బెలూన్ పట్టుకున్న పిల్ల, చుట్టూ పచ్చటి చెట్లు. ఆ బొమ్మ రాకముందే షరతుల కాగితం సిద్ధంగా ఉండాలని ఈ లేఖ. బొమ్మ వచ్చాక రాసే షరతులు బొమ్మకు తగ్గట్టే తయారవుతాయి.

మేం చెప్పదలచుకున్నది నిజానికి ఒకటే. తోటను మింగేది గ్యాలరీలు కాదు, గ్యాలరీల వెనకాల నడిచొచ్చే పరివారం. లారీ తిరిగే జాగా, చిల్లర్లు (ఏసీకి నీటిని చల్లబరిచే యంత్రాలు), జనరేటరు, ట్రాన్స్‌ఫార్మరు, ఫైరింజను దారి, పంపుల గది, చెత్త గది, సిబ్బంది బండ్లు, సెక్యూరిటీ గది. రంగుల బొమ్మలో వీటిలో ఒక్కటీ కనిపించదు. అందుకే ఆర్కిటెక్ట్‌ను మొదట వెనక గుమ్మం గీయమనండి. అది కుదిరితేనే ముందు గుమ్మం సంగతి.

లెక్క వేసి చూపిస్తాం. 60 మీటర్లు పొడవు, 40 మీటర్లు వెడల్పు ఉన్న భవనం నేల మీద 2,400 చదరపు మీటర్లు తీసుకుంటుంది. దాని చుట్టూ ఫైరింజను తిరగడానికి 6 మీటర్ల దారి వేస్తే ఇంకో 1,344. పది పన్నెండు మీటర్ల పొడవున్న లారీ వచ్చి, వెనక్కి తిరిగి, సామాను దించి పోవాలంటే 500. చిల్లర్లు, జనరేటరు, సబ్‌స్టేషన్ కలిపి ఇంకో 300 అనుకుందాం. మొత్తం 4,500 దాటింది. జీవోలో '2,400 చదరపు మీటర్ల భవనం' అని ఉంటుంది, తోటలోంచి దానికి దాదాపు రెట్టింపు పోతుంది. పైప్‌లైన్లు, కేబుళ్ళ కోసం తవ్వే కందకాలు ఈ లెక్కలో లేవు.

బాగే ఆమ్‌కు ఇది కొత్త అనుభవం కాదు. 1913లో పూర్తయిన టౌన్‌హాలు తర్వాత అసెంబ్లీ అయింది. జూబ్లీ హాలు, మ్యూజియం, హెల్త్ మ్యూజియం, షాహీ మసీదు, బాల భవన్, లలిత కళా తోరణం, ప్రియదర్శిని ఆడిటోరియం ఇప్పుడు ఆ ఆవరణలో ఉన్నాయి. వీటిలో ఏదీ చెడ్డ ఉద్దేశంతో వచ్చింది కాదు, ఒక్కొక్కటీ కొంచెమే అడిగింది. ఒకప్పుడు జంతు ప్రదర్శనశాల కూడా ఇక్కడే ఉండేది. 1963లో నెహ్రూ జూ పార్కు తెరిచాక అది అటు వెళ్ళింది. తోటలోంచి ఒక సంస్థ బయటికి వెళ్ళి బాగుపడిన సందర్భం కూడా ఉందన్నమాట. ఎవరికీ గుర్తుండదు గానీ మంచి పూర్వోదాహరణ.

ఇతర నగరాలు ఏం చేశాయో చూస్తే మన షరతులు రాసుకోవడం తేలిక.

బుడాపెస్ట్‌లో వారోష్‌లిగెట్ అనే పాత నగర ఉద్యానం ఉంది. సుమారు 100 హెక్టార్లు. అక్కడ 2022లో రెండు మ్యూజియం భవనాలు తెరిచారు. జనవరిలో తెరిచిన సంగీత భవనం జపాన్ ఆర్కిటెక్ట్ సౌ ఫుజిమోటోది. పుట్టగొడుగులాంటి పైకప్పుకు వందకు దగ్గరగా రంధ్రాలు పెట్టి, కొన్నింటిలోంచి చెట్లను పైకి రానిచ్చారు. ఫోటోలన్నీ ఆ పైకప్పువే. మనం చూడవలసింది మాత్రం దాని కింద ముందు ఏముండేదన్నది. ఎగ్జిబిషన్ సంస్థవారి పాత ఆఫీసు భవనాలు ఉండేవి, వాటిని కూల్చి అదే జాగాలో కట్టారు. మే నెలలో తెరిచిన మానవజాతి మ్యూజియం అంతకుముందు కవాతు మైదానంగా, తర్వాత కార్ల పార్కింగ్‌గా వాడిన గట్టి నేల మీద లేచింది. అందులో 60 శాతం భూమిలోపలే ఉంది, పైన 7,000 చదరపు మీటర్లకు పైగా తోట ఉంది. మూడో సంగతి ఇంకా ముఖ్యం. మ్యూజియాల నిల్వ గదులు, మరమ్మతు ప్రయోగశాలలు తోటలో పెట్టలేదు. ఊళ్ళోనే ఒక పాత ఆసుపత్రి జాగాలో వాటికోసం వేరే కేంద్రం కట్టి 2019లో తెరిచారు. అంటే వెనక గుమ్మంలో సగాన్ని తోట బయటికి పంపేశారు.

ఇంత చేసినా అక్కడ గొడవ తప్పలేదు. 2013లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి పని మొదలుపెట్టింది, జనాన్ని అడగడం తర్వాతి మాటయింది. 2016లో నిరసనకారులు తోటలోనే గుడారాలు వేసుకున్నారు. 2019 నగర ఎన్నికల తర్వాత జపాన్ సంస్థ సానా గీసిన కొత్త జాతీయ గ్యాలరీ ఆగిపోయింది. కట్టినవి గట్టి నేల మీదే కట్టినా, చెట్టు కొట్టిన ప్రతిసారీ 'మాకు చెప్పలేదు' అన్న మాటే పైకొచ్చింది.

శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో 1989 భూకంపానికి పాత డి యంగ్ మ్యూజియం దెబ్బతింది. 2005లో తెరిచిన కొత్త భవనం (ఆర్కిటెక్టులు హెర్జోగ్, డి మెరాన్) నేల మీద ఆక్రమించిన స్థలం పాతదానికంటే 37 శాతం తక్కువ. దాదాపు 2 ఎకరాలు తిరిగి పార్కుకు వచ్చింది. రంధ్రాలు, నొక్కులు ఉన్న దాని రాగి ఒళ్ళు కాలంతో పచ్చబడాలన్నది ఉద్దేశం. దాని 44 మీటర్ల మెలికల బురుజు మీద అప్పట్లో చాలా వాదన జరిగింది, ఇప్పటికీ నచ్చనివాళ్ళున్నారు. ఎదురుగా 2008లో రెంజో పియానో కట్టిన సైన్సెస్ అకాడమీ పైకప్పు మీద 2.5 ఎకరాల మొక్కలున్నాయి. పెద్ద పేర్లను పక్కనబెట్టి మనం తీసుకోవలసింది ఆ 37 శాతాన్ని. కొత్తది పాతదానికంటే తక్కువ నేల తీసుకోవచ్చు. మనం దాన్ని షరతుగా రాసిపెట్టుకోవాలి.

మన దేశంలోనే ఇంకో ఉదాహరణ ముంబయి రాణీబాగ్‌లోని భావు దాజీ లాడ్ మ్యూజియం. 1872 నాటి భవనాన్ని చక్కగా బాగుచేశారు, 2005లో యునెస్కో పురస్కారం వచ్చింది. కొత్త విభాగానికి అంతర్జాతీయ పోటీ పెట్టి 2014లో స్టీవెన్ హోల్ డిజైన్ ఎంపిక చేశారు. ఆ డిజైన్ ఏళ్ళ తరబడి కాగితం మీదే ఉండిపోయింది. పోటీ పెట్టడం తేలిక. నేల, నీరు, డబ్బు, శాఖల మధ్య ఒప్పందం ముందే తేల్చుకోకపోతే పోటీలో గెలిచిన బొమ్మ గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది.

ఇక మన నేల సంగతి.

మొదటి షరతుగా 'గట్టి నేల ఖాతా' తెరవండి. తోటలో ఇవాళ భవనం, సిమెంటు, తారు, టైల్స్, షెడ్డు కింద ఉన్న ప్రతి చదరపు మీటరూ ఒకవైపు, మట్టి, గడ్డి, నీరు ఉన్నది ఇంకోవైపు రాయండి. కొత్త భవనం, దాని పరివారం అంతా ఇప్పటికే గట్టిపడిన నేల మీదే రావాలి. పని పూర్తయ్యేసరికి మట్టివైపు లెక్క ఒక్క మీటరైనా తగ్గకూడదు, పెరిగితే మంచిది. పార్కింగ్ షెడ్లు, వాడకంలో లేని క్వార్టర్లు, సిమెంటు పోసిన ఖాళీ జాగాలు ముందు ఈ ఖాతాలోకి వస్తే ఎక్కడ కట్టవచ్చో పటమే చెప్తుంది. పైకప్పు తోటను మట్టి నేలగా లెక్కించకండి. ఇది మేం గట్టిగా చెప్తున్నాం. అది కుండీయే, ఎంత పెద్దదైనా కుండీయే.

రెండోది చెట్లు. మన సర్వేల్లో చెట్టంటే ఒక చుక్క, పక్కన ఒక నంబరు. అది చాలదు. చెట్టు అడుగున ఎంతవరకు ముట్టుకోకూడదో చెప్పే వలయం ప్రతి చెట్టుకూ గీయాలి. బ్రిటిష్ ప్రమాణాల్లో వాడే సూత్రం సులువు: ఛాతీ ఎత్తులో మాను వ్యాసాన్ని 12తో గుణిస్తే వలయం వ్యాసార్థం వస్తుంది, గరిష్ఠంగా 15 మీటర్లు. మాను చుట్టుకొలత 250 సెంటీమీటర్లున్న నిద్రగన్నేరు వ్యాసం 80 సెంటీమీటర్లు అవుతుంది. వలయం వ్యాసార్థం 9.6 మీటర్లు, విస్తీర్ణం సుమారు 290 చదరపు మీటర్లు. రెండు పడక గదుల ఫ్లాట్లు మూడు పట్టేంత చోటు ఒక్క చెట్టుకు. రాతి నేల మీద మట్టి పలచగా ఉన్నచోట వేళ్ళు లోతుకు పోలేక ఇంకా దూరం పాకుతాయి కాబట్టి హైదరాబాద్‌లో దీన్ని కనీస హద్దుగానే తీసుకోవాలి.

చెట్టు చచ్చేది గొడ్డలితోనే కాదు. వేళ్ళలో ఎక్కువ భాగం పై మీటరు లోపలే ఉంటాయి. ఆ మట్టి మీద కాంక్రీటు లారీ నాలుగు సార్లు తిరిగితే సందులు మూసుకుపోయి గాలీ నీరూ అందవు. 'ల్యాండ్‌స్కేపింగ్' పేరుతో మాను చుట్టూ ఒక అడుగు మట్టి పోసినా అదే ఫలితం. మిక్సర్ కడిగిన సున్నపు నీళ్ళు వేళ్ళ మీదికి వదిలినా అంతే. చెట్టు వెంటనే ఎండదు, అదే చిక్కు. రెండు మూడేళ్ళకు పైకొమ్మలు ఎండడం మొదలవుతుంది. అప్పటికి ప్రారంభోత్సవం అయిపోతుంది, కాంట్రాక్టరు బిల్లు తీసుకుని వెళ్ళిపోతాడు, 'వయసైపోయిన చెట్టు' అని నోట్ ఫైల్లో చేరుతుంది.

అందుకని వలయం బయట మేకులు దిగగొట్టిన స్థిరమైన కంచె వేయాలి. జరిపే బారికేడ్లు వద్దు, అవి రాత్రిపూట నడుస్తాయి. వలయంలోంచి పైపు వెళ్ళక తప్పకపోతే జేసీబీ రానివ్వకుండా గాలి ఒత్తిడితో మట్టిని ఊదే పరికరంతో వేళ్ళు బయటపెట్టి, వాటి కిందనుంచి పైపు దాటించాలి. బొటనవేలికంటే లావైన వేరును వృక్ష నిపుణుడు చూడకుండా కోయకూడదు. పునాది వలయానికి దగ్గరగా వస్తే పొడుగాటి కందకం పునాదులు మానేసి, చిన్న రిగ్గుతో 150 నుంచి 300 మిల్లీమీటర్ల బోర్లు వేసి సన్నటి పైల్స్ (భూమిలోకి దించే కాంక్రీటు స్తంభాలు) మీద బీములు నేలకు పైన నడిపించాలి. గుంట ఎక్కడ వేయాలో వేరును చూసి జరపవచ్చు.

వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకుని చెట్టు కొట్టి, బదులుగా మొక్కలు నాటడం కాగితం మీద న్యాయంగానే ఉంటుంది. నీడలో మాత్రం కాదు. చెట్ల సంఖ్యను కొలవకండి, కొమ్మల గొడుగు కప్పిన విస్తీర్ణాన్ని కొలవండి. ఇక వేళ్ళతో సహా తరలించే పద్ధతి గురించి: ఆరు నెలల నుంచి ఏడాది ముందే చుట్టూ దశలవారీగా కందకం తీసి కొత్త పిల్లవేళ్ళు పుట్టనివ్వాలి, మాను వ్యాసానికి పది రెట్ల మట్టిగడ్డతో ఎత్తాలి. టెండరు గడువు తరుముకొస్తోందని వారంలో పెకలించి వేరేచోట నిలబెట్టిన చెట్టు కట్టెల అడితికి వాయిదా మీద పోతుంది. తరలించిన చెట్టును మూడు వర్షాకాలాలు దాటేవరకు 'బతికింది' ఖాతాలో వేయకండి.

మూడో షరతు భూగర్భం గురించి. 'అంతా కిందికి దించేస్తే పైన తోట అలాగే ఉంటుంది కదా' అన్న సలహా తప్పకుండా వస్తుంది. బుడాపెస్ట్‌లో అది నడిచింది. మన కింద ఉన్నది గ్రానైటు. 2,400 చదరపు మీటర్లు, 6 మీటర్ల లోతు తవ్వితే 14,400 ఘనపు మీటర్లు. పగలగొట్టిన రాయి ఒకటిన్నర రెట్లు ఉబ్బుతుంది. టిప్పరుకు 10 ఘనపు మీటర్ల చొప్పున 2,000కు పైగా ట్రిప్పులు. అసెంబ్లీ పక్కన, పగలు భారీ వాహనాలకు ఆంక్షలున్న దారిలో. పేల్చడం అసలే కుదరదు. పక్కనే పాత మ్యూజియం ఉంది, అందులో 2016లో ఆక్సిజన్ లేని పెట్టెలోకి మార్చిన మమ్మీ ఉంది, గాజు అరల్లో పింగాణీ ఉంది. పాత కట్టడాల పునాది దగ్గర తక్కువ పౌనఃపున్యపు కంపన వేగం సెకనుకు 3 మిల్లీమీటర్లు దాటకూడదన్నది జర్మన్ ప్రమాణం. బ్రేకర్ పెట్టి రాత్రింబవళ్ళు కొడితే దగ్గర్లో ఆ హద్దు దాటడం కష్టమేమీ కాదు. డైమండ్ వైరుతో కోయడం, బోర్లలో ఉబ్బే పొడి నింపి రాయి చీల్చడం సాధ్యమే, కాకపోతే నెమ్మది, ఖరీదు. అంత లోతు తవ్వితే చుట్టూ చెట్లకు అందే తేమ కూడా గుంటలోకి ఊరి, పంపులో పోతుంది.

కాబట్టి ఒక అరమట్టం కిందికి దిగడం వరకు సరే, అదీ రాయి తగలని చోట. అందులోనూ నిల్వ గది వద్దు. 2020 అక్టోబరు వానలు ఈ నగరంలో సెల్లార్లను ఏం చేశాయో మీకు మేం చెప్పనక్కర్లేదు. పంపు ఉంటుంది, కానీ అదే రాత్రి కరెంటు పోతుంది. పారిస్‌లో 2016లో సెన్ నది పొంగినప్పుడు లూవ్ర్ మ్యూజియం కింది గదుల్లోని వేల వస్తువులను హడావుడిగా పైకి మోయాల్సి వచ్చింది. తర్వాత నిల్వకు లియెవాన్ అనే ఊళ్ళో కేంద్రం కట్టి 2019లో తెరిచారు. మనం కూడా స్టోరేజీ, మరమ్మతు ల్యాబు, ఫ్యూమిగేషన్ (పురుగులు చావడానికి పొగ పెట్టే) గది తోట బయట కట్టుకుంటే ఇక్కడి భవనం బాగా తగ్గుతుంది. పెద్ద లారీలు రోజూ లోపలికి రానక్కర్లేదు, చిన్న వ్యాను చాలు.

పైకప్పు మీద తోట అడిగితే బరువు లెక్క అడగండి. తడిసిన మట్టి ఘనపు మీటరు సుమారు 1,800 కిలోలు. గడ్డికి 20, 30 సెంటీమీటర్ల మట్టి సరిపోతుంది, పొదలకు అర మీటరు పైన కావాలి, చిన్న చెట్టుకు మీటరు. మీటరు మట్టి అంటే చదరపు మీటరుకు 1,800 కిలోలు. మామూలు గ్యాలరీ నేలను 400, 500 కిలోల జనం, సామాను బరువుకు లెక్కగడతారు. బొమ్మలో పైకప్పు మీద మామిడిచెట్టు గీసి, లెక్కలో పది అంగుళాల మట్టి రాసిన డ్రాయింగులు తక్కువేం కాదు. వాటర్‌ప్రూఫింగ్ మీద వేరు చొరబడని పొర, దానిమీద నీరు జారే పొర, ఆ తర్వాతే మట్టి. మట్టి పోయకముందు 72 గంటలు నీళ్ళు నిలబెట్టి కింద తడి చూడాలి. మట్టి పోశాక కారితే చిల్లు ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

వాన గురించి ఇంకో మాట. 2,400 చదరపు మీటర్ల కప్పు మీద గంటలో 50 మిల్లీమీటర్లు పడితే 1,20,000 లీటర్లు దిగుతాయి. నిద్రగన్నేరు ఆకులు, జిగటకాయలు జూన్ మొదటి వానకే డ్రెయిన్ మూతల్ని పూడ్చేస్తాయి. గ్యాలరీ సీలింగు పైనుంచి లోపలి డ్రెయిన్ పైపు ఎంతమాత్రం పోనివ్వకండి. నీరు కప్పు అంచుకు వచ్చి, బయట కనిపించే పైపులో దిగి, తోటలోని కుంటకో ఇంకుడు గుంతకో చేరాలి. అందం కోసం పైపును గోడలో దాచిన చోటే పదేళ్ళకు మరక వస్తుంది.

ఇక లోపలి వాతావరణం. విదేశీ మ్యూజియాల నుంచి వస్తువులు అప్పు తెచ్చుకోవాలంటే 16 నుంచి 25 డిగ్రీలు, 40 నుంచి 60 శాతం తేమ, రోజులో మార్పు 10 శాతం మించకుండా చూపించగలగాలి. హైదరాబాద్‌లో మే మధ్యాహ్నం తేమ 30 శాతం కిందికి దిగుతుంది, ఆగస్టులో 80 దాటుతుంది. ఈ తేడాను యంత్రంతోనే మోయాలనుకుంటే చిల్లర్ల సైజు పెరుగుతుంది, వాటితోపాటే మళ్ళీ వెనక గుమ్మం. గోడతో మోయమనండి. దళసరి గోడ, కిటికీ లేని గ్యాలరీ పెట్టె మధ్యలో, దాని చుట్టూ నడవా, బయటివైపు కాఫీ, టికెట్లు, మెట్లు. లోపల పెట్టెకు రెండు తలుపుల గది. ఏసీ ఆగినా ఆరు గంటలు హద్దులోపల ఉంటుందని లెక్కతో చూపించాలి, కట్టాక పరీక్షించాలి. వస్త్రాలకు, కాగితానికి, సూక్ష్మచిత్రాలకు 50 లక్స్ వెలుగు చాలు, తైలవర్ణ చిత్రాలకు 150, 200. మన మధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. పడమటి గాజు గోడ పక్కన కలంకారీ వస్త్రం వేలాడుతున్న బొమ్మ ఎవరైనా చూపిస్తే మర్యాదగా తిప్పి పంపేయండి.

నడవాకు గాజు పెట్టవచ్చు, ఉత్తరంవైపు, చూరు కింద. చెట్ల మధ్య గాజు అంటే పక్షులకు ఆకాశంలాగే కనిపిస్తుంది. బయటి ముఖం మీద 5 సెంటీమీటర్ల ఎడంతో చుక్కలు అచ్చువేస్తే గుద్దుకోవడం బాగా తగ్గుతుంది. తర్వాత స్టిక్కర్లు అతికించడం కంటే మొదట్లో చెప్పడం చవక.

చిల్లర్లు, జనరేటరు భవనం పక్కన కాకుండా రోడ్డు అంచున, ప్రహరీ దగ్గర పెట్టి, చల్లనీటి పైపులు ఇప్పటికే ఉన్న దారి కిందినుంచి తేవాలి. అగ్నిమాపక శాఖను చివర్లో ఎన్‌ఓసీ కోసం కాకుండా మొదటి స్కెచ్ మీదే కూర్చోబెట్టండి. 45 టన్నుల ఇంజను మోయగల 6 మీటర్ల దారి, 9 మీటర్ల మలుపు అడుగుతారు. భవనాన్ని ఉన్న రోడ్డుకు ఆనించి పెట్టి, 15 మీటర్ల ఎత్తు లోపల ఉంచి, లోపలంతా స్ప్రింక్లర్లు వేస్తే చుట్టూ కొత్త దారి తప్పించడానికి వాళ్ళతో మాట్లాడే వీలుంటుంది. డ్రాయింగులు అయిపోయాక అడిగితే చెట్టే పోతుంది.

పార్కింగ్ సంగతి ఒక్క వాక్యంలో: అసెంబ్లీ, నాంపల్లి రెండు మెట్రో స్టేషన్లు నడక దూరంలో ఉన్నాయి, వికలాంగుల బండ్లకు నాలుగు జాగాలు, స్కూలు బస్సు బయట రోడ్డు మీద ఆగే చోటు తప్ప ఇంకేమీ ఇవ్వకండి.

రూపం గురించి మేం ఎక్కువ చెప్పం. అది డిజైనర్ పని. కాంక్రీటు మీద ఫైబర్ గుమ్మటాలు, జాలీలు అతికించి 'ఆసఫ్‌జాహీ శైలి' అనిపించుకోవద్దని మాత్రం కోరుతున్నాం. 1964 వెనిస్ ఒప్పందం చెప్పేది కూడా అదే, కొత్తది కొత్తదిగా కనబడాలి. పాత మ్యూజియం గుమ్మటాల కంటే, చెట్ల తలల కంటే కిందే ఉండాలి. అనుకున్న ఎత్తులో నాలుగు మూలలా బెలూన్లు ఎగరేసి ప్రధాన ద్వారం నుంచి, జూబ్లీ హాలు మెట్ల నుంచి ఫోటో తీస్తే ఒక్క ఉదయంలో తేలిపోతుంది. గోడకు వాడే రాయి, సున్నం, లోహం ఏదైనా ఒక నిలువెత్తు నమూనా తోటలోనే కట్టి ఒక వానాకాలం వదిలేయాలి. తాండూరు నాపరాయి, స్థానిక గ్రానైటు, డంగు సున్నం మన ఎండవానలు ఎరిగినవి. రాత్రి దీపాలు పసుపు వెలుగువి, కిందికి చూసేవి, పదింటికి ఆరేవి.

ఇవన్నీ ఎవరు అమలు చేయాలన్నది అన్నిటికన్నా క్లిష్టమైన భాగం. మ్యూజియం ఒక శాఖది, మొక్కలు ఇంకో శాఖవి, రోడ్డు, డ్రైనేజీ మరొకరివి. ప్రమాదం ఎప్పుడూ వీటి మధ్య సందులోనే జరుగుతుంది. కాబట్టి పోటీ ప్రకటనకు ముందే మూడు శాఖలూ ఒక ఒప్పందం మీద సంతకం చేయాలి. గట్టి నేల ఖాతా, చెట్ల వలయాలు ఉద్యానశాఖ చేతిలో ఉండాలి. వాటిని మార్చాలంటే వాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, ఆ కాగితం బయటపెట్టాలి. 2017 తెలంగాణ వారసత్వ చట్టం కింద పరిశీలన మొదటి దశ డిజైన్ మీదే జరగాలి, టెండరయ్యాక కాదు.

పోటీ రెండు దశల్లో పెట్టండి. మొదటి దశలో పేర్లు లేకుండా రెండు షీట్లు, ఒకదాని మీద తప్పనిసరిగా వెనక గుమ్మం, లారీ మలుపు, యంత్రాల గది, ఫైర్ దారి, చెట్ల వలయాలు. రెండో దశకు వచ్చిన నలుగురైదుగురికి డబ్బులివ్వాలి. ఊరికే పనిచేయించుకుంటే బొమ్మలే వస్తాయి. జ్యూరీలో ఆర్కిటెక్టులు సగం మించకూడదు. మిగతా సగంలో చెట్ల నిపుణుడు, మ్యూజియం పరిరక్షకుడు, ఖర్చు లెక్కగట్టేవాడు, రోజూ తోటను చూసుకునే మాలీల నుంచి ఒకరు. చివరి పేరు వినగానే నవ్వేవాళ్ళుంటారు. ఏ చెట్టు కింద నీరు నిలుస్తుందో ఆ గదిలో తెలిసేది ఆయనొక్కడికే.

కాంట్రాక్టులో చెట్ల పూచీకత్తు వేరుగా పెట్టండి. ప్రతి చెట్టుకూ విలువ కట్టి, ఆ మొత్తాన్ని పని పూర్తయ్యాక మూడు వానాకాలాల దాకా ఆపాలి. పై మట్టిని విడిగా తీసి కుప్ప వేస్తే రెండు మీటర్ల ఎత్తు మించకూడదు, మించితే అడుగున ఊపిరాడక ఆ మట్టి చచ్చిపోతుంది. భవనం నడిపే ఖర్చును, ముఖ్యంగా ఏసీ కరెంటును, తోటమాలీల జీతాలను పదేళ్ళకు లెక్కగట్టి అంచనాతో పాటే మంజూరు చేయించండి. కట్టడానికి దొరికిన డబ్బు నడపడానికి దొరకదన్నది మీకూ తెలుసు.

ఇప్పటికిప్పుడు చేయగలిగిన పని ఒకటుంది, దానికి ఏ ప్రాజెక్టూ అక్కర్లేదు. జనవరి, మార్చి మధ్య నేల ఎండి ఉన్నప్పుడు తోట మొత్తానికి 1:200 కొలతలో సర్వే చేయించండి. 25 సెంటీమీటర్లకో ఎత్తుగీత. ప్రతి చెట్టు జాతి, చుట్టుకొలత, కొమ్మల వ్యాప్తి, ఆరోగ్యం, వలయం. భూమిలోపలి పైపులు, కేబుళ్ళు రాడార్‌తో. రాయి ఎంత లోతులో తగులుతుందో చేత్తో తవ్విన పది పన్నెండు గుంటలతో. పాత కట్టడాల కొలతల డ్రాయింగులు. జూన్ వానల్లో ఒకసారి వెళ్ళి నీరు ఎటు పారుతోందో, ఎక్కడ నిలుస్తోందో దాని మీదే గుర్తించండి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషుల్లో ముద్రించి మ్యూజియం టికెట్ కౌంటర్ పక్కన, ఉద్యానశాఖ ఆఫీసు గోడ మీద పెట్టండి. ఆ పటం మీద కొత్త భవనం గీత ఒక్కటి కూడా ఉండకూడదు.

ఇట్లు,
భవన నిర్మాణం, చెట్ల సంరక్షణ, మ్యూజియం వస్తువుల పరిరక్షణ పనుల్లో ఉన్న కొందరు
హైదరాబాద్